తాళం తిప్పితే పలికే బండి

జూన్ 8, ఆదివారం

ఆరాధన అయ్యాక విల్‌ఫ్రెడ్ అంకుల్ నన్ను పక్కకు పిలిచి అడిగారు. ఆయన మా సంఘం సెక్రటరీ. వ్యానులో ఉన్న యాంప్లిఫయర్‌ని బండి తాళంతో కలపాలట. తాళం తిప్పితే అది ఆన్ కావాలి, తాళం తీస్తే ఆఫ్ కావాలి. సంఘంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివేది నేనొక్కదాన్నే. అందుకని నన్ను అడిగారు. ఒప్పుకున్నాను.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మనవాళ్లెవరైనా చనిపోతే రైల్వే క్వార్టర్ల లైన్లన్నీ తిరిగి కబురు చెప్పే వ్యాను అది. పైన రెండు హారన్లు, సీటు కింద యాంప్లిఫయర్. నడిపేది జాకబ్ అన్న. మిగతా రోజుల్లో అతను టోటో, అదే బ్యాటరీ రిక్షా, నడుపుతాడు. మైకు పట్టుకునేది మా తాతయ్య సమూయేలు. ఇరవై ఆరేళ్లుగా ఆయనే.

ఇకమీదట తాతయ్య మాట్లాడనక్కర్లేదు. సంఘంలో పియానో వాయించే అనిల్ కుమార్ గొంతు రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు. తాళం తిప్పగానే అదే పలుకుతుంది. తాతయ్యకి డెబ్బై తొమ్మిదేళ్లు. ఎండలో తిరిగే బాధ తప్పుతుంది. మంచిదే.

ఈ మధ్య ఏదైనా రాయకపోతే అది జరగనట్టే అనిపిస్తోంది. బడిలో హిందీ, ఇంగ్లిషు, వీధిలో బెంగాలీ. తెలుగు అక్షరాలు తాతయ్య బైబిలు మీద వేలు పెట్టి నేర్పినవి. ఇవాళ 'భూస్థాపన' అని నాలుగుసార్లు రాశాను. రాస్తుంటే చేతికి బరువు తెలిసింది.

జూన్ 9

అసలు ఎందుకు మార్చాల్సి వచ్చిందో కూడా రాసి ఉంచుకోవాలి.

మే 22న సుందర్ రాజు గారు పోయారు. పదకొండో లైను, మూడో నంబరు క్వార్టరు. కబురు తెచ్చిన మనిషి ఆయాసపడుతూ "పదకొండు బై మూడు తాతా" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. పేరు అతనూ చెప్పలేదు, తాతయ్యా అడగలేదు. తాతయ్యకు మనుషులు క్వార్టరు నంబర్లతోనే గుర్తుంటారు. నింపురా రైల్వే యార్డులో ముప్పై ఆరేళ్లు వ్యాగన్లను నంబర్లతో పిలిచిన మనిషి.

ఆ క్వార్టరులో ఇరవై ఏళ్ల కిందట ఉన్నది జ్ఞానరత్నమ్మ గారు. నర్సుగా రిటైరై, ఝాపేటాపూర్‌లో ఇల్లు కట్టుకుని హాయిగా ఉన్నారు. తాతయ్య మైకు తీసుకుని ఆమె పేరు చెప్పాడు. పదకొండు లైన్లలో చెప్పాడు.

జనం పూలు పట్టుకుని ఝాపేటాపూర్ వెళ్లారు. తలుపు తీసింది ఆవిడే. చేతికి పిండి ఉందట. "ఏటి, నాకేనా? అయితే ఇలా ఇవ్వండి, వాడిపోతాయి" అని పూలు తీసుకుని గిన్నెలో నీళ్లు పోసి పెట్టారట. సుందర్ రాజు గారి దగ్గరకు సమయానికి వెళ్లినవాళ్లు తక్కువ. వాళ్ల అబ్బాయి ఇప్పటికీ తాతయ్యతో మాట్లాడడు.

తాతయ్య పద్ధతి ఒకటుంది. పేరు, వయసు, రైల్వే కార్ఖానాలో ఏ షాపులో పనిచేశారు, భూస్థాపన ఎన్ని గంటలకు, ఇవన్నీ అయ్యాక ఆ మనిషి గురించి ఒక్క వాక్యం చెబుతాడు. ఒక్కటే. ఎవరూ రాసివ్వరు. జ్ఞానరత్నమ్మ గారి గురించి ఆ రోజు చెప్పింది నాకు గుర్తుంది: "సూది పొడిసే ముందు 'నీ పేరేటి నాన్నా' అని అడిగీది. పేరు సెప్పీలోపే సూది అయిపోయీది."

పేరు తప్పు చెప్పిన రోజున కూడా వాక్యం మాత్రం తప్పు చెప్పలేదు.

జూన్ 14

యాంప్లిఫయర్‌కి మూడు తీగలు. ఎరుపు నేరుగా బ్యాటరీకి, మధ్యలో ఫ్యూజు. నలుపు బండి ఒంటికి. మూడోది నీలం, సన్నగా ఉంటుంది. దాని పని చిన్నది. అది బరువు మోయదు, లేవమని మాత్రం చెబుతుంది. దాన్ని ఎక్కడ కలిపామన్నదే అసలు పని.

క్యాబిన్ దీపం తీగకు కలిపాను. వెంటనే ఆన్ అయింది. జాకబ్ అన్న చప్పట్లు కొట్టాడు.

జూన్ 15, ఆదివారం

బ్యాటరీ చచ్చిపోయింది.

క్యాబిన్ దీపానికి తాళంతో పని లేదు. అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. నీలం తీగ రాత్రంతా యాంప్లిఫయర్‌ని లేపే ఉంచింది. పొద్దున్న ఆరాధనకు వచ్చినవాళ్లంతా వ్యాను నెట్టారు. కోటు వేసుకుని విల్‌ఫ్రెడ్ అంకుల్ కూడా.

"ఏటే ఇంజినీరమ్మా, ఆఖరికి బండికి కూడా భూస్థాపనేనా?" అన్నాడు జాకబ్ అన్న.

నవ్వాను. తర్వాత మధ్యాహ్నం దాకా వైరింగు బొమ్మ గీస్తూ కూర్చున్నాను.

జూన్ 16

టెస్ట్ ల్యాంప్ తీసుకెళ్లాను. స్టీరింగు కింద తలపెట్టి ఒక్కో తీగనూ తాకాను. తాళం తీసి ఉండగా దీపం వెలిగితే ఆ తీగ పనికిరాదు. తాళం తిప్పినప్పుడు మాత్రమే వెలిగేది కావాలి. ఏడో తీగ దొరికింది. తాళం తిప్పితే వెలుగు. తీస్తే చీకటి. పదిసార్లు చేసి చూశాను. అవసరం లేకపోయినా ఇంకో నాలుగుసార్లు.

నీలం తీగను చిన్న ఫ్యూజుతో దానికి కలిపాను. పెన్‌డ్రైవ్ పెట్టే ప్లేయరుని కూడా దానికే. పిల్లలు ముట్టుకోకుండా ప్లేయరుని సీటు కింద ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశాను. టేపు చుట్టిన చోట్లు చూస్తే నాకే ముచ్చటేసింది.

జూన్ 18

తాతయ్య వ్యాను చూడటానికి వచ్చాడు. అద్దంలోంచి లోపలికి చూసి, "మైకు ఏటి సేసినావే గుంటా?" అన్నాడు.

"తీసేశాను తాతా. ఆ సాకెట్టు ప్లేయరుకి కావాల్సొచ్చింది."

"ఓహో. సోటు సాల్లేదేటి?"

"లేదు తాతా."

"అలాగా." టేపు చుట్టిన చోట వేలితో నొక్కి చూశాడు. "బాగా సుట్టినావు. వాన నీరు దిగదు."

మైకుని గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాను. పాడవకుండా.

జూన్ 20

తాతయ్య రోజూ లేవగానే ఉప్పునీళ్లు పుక్కిలిస్తాడు, గొంతు కోసం. ఆ చప్పుడుకే నేను లేస్తాను. ఇవాళ కాలేజీకి ఆలస్యమైంది.

జూన్ 21

ఇవాళ కూడా.

జూన్ 23, సోమవారం

తొమ్మిదో లైను తవిటయ్య గారు పోయారు. క్యారేజీ షాపులో పనిచేసేవారు. అనిల్ కుమార్ గంటలో రికార్డు చేసి ఇచ్చాడు. వెనక పియానో కూడా ఉంది.

పనిచేసింది. ఒక్క లోపం. ఇంజను స్టార్టయ్యే క్షణంలో ఆ తీగలో కరెంటు పోయి వస్తుంది. అందుకని మొదట "ప్రియమైన" అని ఆగిపోతుంది, మళ్లీ మొదలై "ప్రియమైన సంఘ సభ్యులకు" అంటుంది. వింటే ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఉంది. నాకు బాగానే అనిపించింది.

మా లైనులోకి వ్యాను వచ్చినప్పుడు తాతయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు. మలుపు తిరిగి చప్పుడు సన్నబడేదాకా విన్నాడు.

"ఇంకేటి సెప్పలేదా?"

"పేరు, వయసు, టైము, అన్నీ చెప్పింది కదా తాతా."

"ఆడి గురించి?"

నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను.

"కూత ఇని ఇంజను నంబరు సెప్పీవోడు తవిటయ్య" అన్నాడు తాతయ్య, రోడ్డు వైపు చూస్తూ. "ఒకపాలి తప్పు సెప్పినాడని మూడు రోజులు అన్నం తిన్లేదు."

లోపలికి వెళ్లి అది ఈ పుస్తకంలో రాసుకున్నాను.

జూన్ 26, గురువారం

జాకబ్ అన్న చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

ఆరో లైనులో పెళ్లి. ప్రేమ్ బజార్ నుంచి కేకు తెమ్మని వ్యాను ఇచ్చారు. తెచ్చాడు. దారంతా అది కబురు చెప్పలేదు, ఎందుకంటే ప్లేయరు కబురు తర్వాత పెట్టిన పాట దగ్గర ఆగి ఉంది; గేటు దాకా ఆ పాటే వచ్చి అయిపోయింది. పెళ్లింటి గేటు ముందు ఇంజను ఆపాడు, కేకు దించారు, మళ్లీ తాళం తిప్పాడు. "ప్రియమైన" అంది. మళ్లీ "ప్రియమైన సంఘ సభ్యులకు" అంది. తవిటయ్య గారు ప్రభువునందు నిద్రించారని ఆరో లైనంతటికీ చెప్పింది.

పెళ్లికూతురి అమ్మ పరుగున వచ్చి, "ఏటి జాకబూ, ఇదేనా మాకిచ్చిన కానుక? ఆపరా ముందు!" అంది. ఆపాలంటే ప్లేయరు కావాలి. ప్లేయరు పెట్టెలో ఉంది. పెట్టె తాళంచెవి నా బ్యాగులో, నేను కాలేజీలో. బండి కదలాలంటే బండి తాళం తిప్పాలి, తాళం తిప్పితే అది మాట్లాడుతుంది. చివరికి ఇంజను ఆపేసి, సూట్లు వేసుకున్న నలుగురు పెళ్లివాళ్లు వ్యానుని మలుపు దాకా నెట్టారట.

"నీ బండి నెట్టుడు బండి అయిపోయింది గానీ, పలకడం మాత్రం ఎక్స్‌ప్రెస్సే" అన్నాడు జాకబ్ అన్న.

తవిటయ్య గారి ఇంటికి ఇద్దరు పరుగెత్తారట, ఆ ఇంట్లో ఇంకెవరో పోయారనుకుని.

విల్‌ఫ్రెడ్ అంకుల్ కోప్పడలేదు. పనయ్యాక పెన్‌డ్రైవ్ తీసేస్తే చాలన్నారు. అంతే. వైరింగులో తప్పేమీ లేదు.

జూన్ 27

తప్పేమీ లేదు. మళ్లీ చూసుకున్నాను.

జూన్ 28

వ్యాను వెళ్తుంటే పిల్లలు వెనక పరుగెత్తి "దాదా, ఆజ్ కౌన్?" అని అరుస్తున్నారు. అన్నా, ఇవాళ ఎవరు అని.

జూన్ 29, ఆదివారం

జ్ఞానరత్నమ్మ గారు మా ఇంటికి వచ్చారు. టోటో దిగుతూనే గట్టిగా, "సమూయేలన్నయ్యా, నన్ను సంపేసి సూడ్డానికైనా రాలేదేటి?" అన్నారు.

తాతయ్య లేచి నిలబడ్డాడు. తల ఎత్తలేదు. "తప్పైపోయింది సెల్లెమ్మా. నంబరు ఇన్నాను, పేరు అడగలేదు."

"పేరు అడగాలన్నయ్యా. సూది మందైనా, సావు కబురైనా." కూర్చుని చెమట తుడుచుకున్నారు. "పోనీలే. ఆ రోజు మా మేనల్లుడు మీ లైనులోనే ఉన్నాడు. నువ్వు సెప్పింది ఫోనులో పట్టి నాకినిపించినాడు. ఆ సూది మాట. నలభై ఏళ్లు సేసినాను ఆ పని. ఒక్క డాక్టరైనా అది సూడ్లేదు. నువ్వెప్పుడు సూసినావు?"

"ఈ గుంట అమ్మకి జొరమొచ్చినప్పుడు. నాను తలుపు కాడ ఉన్నాను."

"మనిషి బతికుండగా తన గురించి ఆ మాట ఇనడం ఎవులికి దొరుకుతాది?" అన్నారావిడ. "నిజంగా నానెల్లినప్పుడు కూడా నువ్వే సెప్పాల. ఆ పియానో గుంటడు కాదు."

"నానిప్పుడు సెప్పడం లేదు సెల్లెమ్మా."

"ఎవులు ఆపించినారు?"

తాతయ్య నా వైపు చూడలేదు. నేనే అన్నాను, "విల్‌ఫ్రెడ్ అంకుల్" అని.

జూన్ 30

విల్‌ఫ్రెడ్ అంకుల్ అడగలేదు.

మే 25న నేనే వాళ్ల ఇంటికి వెళ్లాను. రికార్డు చేస్తే తప్పులు రావని, తాళంతో కలిపితే మనిషి అక్కర్లేదని, నేనే చేసిపెడతానని చెప్పాను. "మీ తాత బాధపడతాడేమోనమ్మా" అన్నారాయన. "తాతయ్యే విసిగిపోయాడంకుల్" అన్నాను. తాతయ్య ఎన్నడూ అలా అనలేదు. ఆ వారమంతా కుళాయి దగ్గర అందరూ తాతయ్య గొంతు అనుకరించి నవ్వుతున్నారు. నేను బిందె పట్టుకుని వరసలో ఉన్నాను.

మైకు సంగతి కూడా. యాంప్లిఫయర్‌కి రెండు సాకెట్లున్నాయి.

జూలై 1

రాసినంత మాత్రాన ఏమీ కాలేదు.

జూలై 5

వాన. సెమిస్టరు పరీక్షలు. కొత్త మాటలేవీ దొరకలేదు.

జూలై 12, శనివారం

జ్ఞానరత్నమ్మ గారు తెల్లవారుజామున పోయారు. నిద్రలోనే. ఈసారి నిజం. భూస్థాపన సాయంత్రం నాలుగుకి.

అనిల్ కుమార్ రికార్డు చేశాడు. ఎనిమిదింటికి వ్యాను బయలుదేరింది. పెట్టె తాళంచెవితో నేను కూడా వెళ్లాను.

"ప్రియమైన." "ప్రియమైన సంఘ సభ్యులకు."

నాలుగో లైనులో కుళాయి దగ్గర ఆడవాళ్లు పేరు వినగానే నవ్వారు. "ఏటి జాకబూ, మళ్లీ సచ్చిపోయిందా?" ఆరో లైనులో పెళ్లికూతురి అమ్మ అయితే కిటికీ మూసేసింది. పిల్లలు వెనకే పరుగెత్తారు. ఎనిమిదో లైనులో ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆపి, "పాత టేపు వేసేసినారు, సూసుకోండి" అని మాకే చెప్పారు. జాకబ్ అన్న దిగి నిజమేనని ప్రమాణం చేశాడు. ఆయన భుజం తట్టి పంపించేశారు.

పదకొండు లైన్లు తిరిగాం. పదిన్నరకి ఝాపేటాపూర్ వెళ్తే ఆమె మేనల్లుడు, ఇంకో ఐదుగురు ఉన్నారు. కుర్చీలు వంద వేశారు. మా లైన్లలో సగం మంది ఆ చేతి సూదితో పెరిగినవాళ్లే. ఆ ఐదుగురిలో ముగ్గురు టెంటు వేసేవాళ్లు.

ఇంటికొచ్చి తాతయ్యకు చెప్పాను. ఎవరూ నమ్మడం లేదని కూడా చెప్పాను.

తాతయ్య లేచి పెరట్లోకి వెళ్లాడు. ఉప్పునీళ్లు పుక్కిలించిన చప్పుడు వినిపించింది. ఇరవై రెండు రోజుల తర్వాత. తెల్ల చొక్కా వేసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"మైకు తీసుకురానా తాతా? పది నిమిషాల్లో కలిపేస్తాను."

"వొద్దు. ఆ బండి మాట ఎవులూ నమ్మరు. నడు."

నేను నోటుపుస్తకంలో ఏ క్వార్టరులో ఇప్పుడెవరున్నారో గబగబా రాసుకున్నాను, తాతయ్యకు అందించడానికి. మొదటి లైను, మొదటి ఇల్లు. వాన ఆగి ఉంది. తాతయ్య తలుపు కొట్టాడు. ఒక అమ్మాయి తీసింది, నా కన్నా చిన్నది. నేను పేరు అందించబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ పేరేటి తల్లీ?"

"జెన్ని..." అంది. మొత్తం చెప్పలేదు.

"జ్ఞానరత్నం ఎల్లిపోయిందమ్మా. ఈ పొద్దు తెల్లారకట్ట. నాలుగ్గంటలకి భూస్థాపన. అమ్మకి సెప్పు."

ఆ అమ్మాయి మొహం చూశాను. లోపలికి పరుగెత్తింది. కాసేపటికి లోపల ఏడుపు వినిపించింది, వాళ్ల అమ్మది.

ప్రతి ఇంట్లోనూ అంతే. పేరు అడిగాడు. వాళ్లు చెబుతుండగానే చెప్పేశాడు. ఎవరూ నవ్వలేదు. నాలుగో లైను కుళాయి దగ్గర ఒకావిడ మాత్రం, "నిజవేనా సమూయేలు బాబూ?" అంది. "నీ పేరేటమ్మా?" అన్నాడు తాతయ్య. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూది మాట ఒక్క ఇంట్లో కూడా చెప్పలేదు.

ఎనిమిదో లైను దాటాక కల్వర్టు మీద కూర్చున్నాం. ఆయాసపడుతున్నాడు. అప్పుడు చెప్పాను. మే 25, విల్‌ఫ్రెడ్ అంకుల్ ఇల్లు, విసిగిపోయావని నేనన్న మాట, రెండో సాకెట్టు, కుళాయి దగ్గర వరస. అన్నీ వరసగా చెప్పాను. ఇక్కడ రాసుకున్నట్టే వచ్చాయి.

తాతయ్య చెప్పులోంచి గులకరాయి తీసి పారేశాడు.

"విల్‌ఫ్రెడ్ ఆ రోజే సెప్పినాడు."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు సెప్తావని సూసినాను." నా భుజం పట్టుకుని లేచాడు. "బేగి నడు. మూడు లైన్లున్నాయి."

నాలుగింటికి వంద కుర్చీలు చాల్లేదు. సుందర్ రాజు గారి అబ్బాయి ఇంకో ఇరవై తెచ్చి వేశాడు. రెండు తాతయ్య పక్కన వేసి, ఒకదాంట్లో తనే కూర్చున్నాడు.

జూలై 14

నీలం తీగను తాళం నుంచి విడదీశాను. డ్యాష్‌బోర్డు కింద ఒక స్విచ్చి పెట్టి దానికి కలిపాను. ఇప్పుడు ఎవరో ఒకరు వేలితో వేస్తేనే లేస్తుంది. వేసినవాళ్లు మరిచిపోతే బ్యాటరీ చస్తుంది. జాకబ్ అన్నకి చెప్పాను. "నెట్టడం మాకు అలవాటే" అన్నాడు.

మైకు బీరువా మీది నుంచి దించి రెండో సాకెట్టులో పెట్టాను. తాతయ్య సీటులో కూర్చుని దాన్ని నోటి దగ్గర పెట్టుకున్నాడు. స్విచ్చి వేశాను.

హారన్లలోంచి ఆయన ఊపిరి వినిపించింది, లైను చివరిదాకా.

తర్వాత మైకు నాకిచ్చాడు.

"నీ పేరు సెప్పు, సూద్దాం."